ఎద్దులకు ఉలవలు, మనకు కట్టు

ఉలవచారు అనగానే ఇప్పటి పిల్లలకు హోటలు గుర్తొస్తుంది. మా కోలారు పల్లెల్లో అది మొదట ఎద్దుల పొయ్యి మీది వంట.

1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల్లో పని మొదలుపెట్టింది. 1894లో బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారపేట, నుంచి గనులకు రైలు నడిచింది. అంతకు ముందు బరువులు మోసింది ఎద్దుబండ్లే. 1902లో శివనసముద్రం కరెంటు గనులకు వచ్చాక కూడా, చుట్టుపక్కల పల్లెల్లో దుక్కీ బండీ ఎద్దులవే. హళ్ళికారు జత ఉన్న ఇంటికి ఆ మర్యాదే వేరు.

రాగి గడ్డితో కడుపు నిండుతుంది గానీ బరువు లాగే సత్తువ చాలదు. అది ఉలవలిచ్చేది. వాటిలో మాంసకృత్తులు 20 శాతం పైనే. అయితే ఉలవ పొట్టు గట్టిది. పశువు గబగబా మింగితే గింజ గింజగానే పేడలో పడిపోతుంది. "పేడలో ఉలవ కనపడిందంటే కూలి పోయినట్టే" అనేది మా అవ్వ.

అందుకే రాత్రి నానబెట్టి, తెల్లారుజామున ఉడికించేది. నానితే పొట్టు మెత్తబడుతుంది, ఉడికితే అరుగుదలకు అడ్డొచ్చే గుణం తగ్గుతుంది. చల్లారాక తౌడు కలిపి ఎద్దులకు పెట్టేది. వంచిన కట్టులో చింతపండు పిసికి, తాలింపు వేస్తే ఇంటిల్లిపాదికీ రాగిముద్దలోకి చారు. గింజ ఎద్దుకు, నీళ్ళు మనకు!

తర్వాత ఎద్దులు పోయి సీమావులు వచ్చాయి, ఉలవల చోట మొక్కజొన్న వచ్చింది. గింజ అరగాలంటే బాగా నలగాలి కదా అని మావాళ్ళు మెత్తటి పిండి పట్టించి, ఒక్కపూటే గంపెడు పెట్టారు. ఆవు నెమరు మానేసింది. రెండోనాటికి చనిపోయింది. మెత్తటి పిండి కడుపులో తొందరగా పులిసి, ఆమ్లం పెరిగిపోతుందని డాక్టరు చెప్పారు. నూకలాగా పగలగొట్టి, గడ్డితోపాటు, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలట.

గింజ పగలకపోతే పేడపాలు, మరీ పిండయితే ప్రాణం మీదికి. అవ్వకు ఆమ్లం సంగతి తెలియదు, ఎంత ఉడకాలో మాత్రం చేతికి తెలుసు. ఆమె ఉండగా ఎవరూ అడగలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఉలవల కుండ మాత్రం మా అటక మీద ఇంకా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, ఎద్దులకు ఏం పెట్టేవాళ్ళో, ఎలా వండేవాళ్ళో ఈ ఆదివారమే అడిగి రాసిపెట్టుకోండి.