పెట్టెకు వెల, పాటకు వెల

రేడియోలో పాటను చెడగొట్టు గరగర ధ్వని మావంటి ప్రసారకులకు గిట్టదు. ఆ ధ్వనియే ఒకనాడు పాటయై ఒక సభచేత చప్పట్లు కొట్టించినది.

1975 ఏప్రిల్ నాటి మాట. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమున, హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ అను ఔత్సాహికుల సంఘమొకటి అప్పుడప్పుడే పుట్టినది. దాని తొలి సమావేశము మార్చి 5వ తేదీన మెన్లో పార్క్‌లో ఒక సభ్యుని కారు షెడ్డులో జరిగినది. స్టీవ్ డాంపియర్ అను సభ్యుడు తాను కూర్చుకొన్న ఆల్టెయిర్ 8800 యంత్రమును తెచ్చి, దాని ప్రక్కన చిన్న రేడియోను ఉంచెను. యంత్రమునకు తెర లేదు. ముందు వైపున మీటలు, దీపములు మాత్రమే. మీటలు ఎత్తుచు, దించుచు ఆజ్ఞలన్నిటిని ఎక్కించెను. ఇంతలో విద్యుత్తు తీగ ఊడినది, ఎక్కించినదంతయు చెరిగిపోయినది. పాపము, మరల మొదటినుండి! తుదకు యంత్రమునుండి వెలువడు తరంగముల అలజడి రేడియోలో బీటిల్స్ వారి పాటగా వినవచ్చెను.

తీగ ఊడినను పెట్టె పెట్టెగానే యున్నది. పోయినది ఆజ్ఞల వరుస. మొదటిది హార్డ్‌వేర్, రెండవది సాఫ్ట్‌వేర్. పెట్టె విడిభాగములకు 397 డాలర్లు చెల్లించుటకు ఔత్సాహికులు వెనుదీయలేదు. ఆజ్ఞలు మాత్రము పొరుగింటికి చెప్పు పచ్చడి పాకము వంటివని వారిలో పెక్కుమంది తలపు. మనమును ఒకప్పుడు తపాలా కార్యాలయమున రేడియో పెట్టెకు లైసెన్సు రుసుము కట్టితిమే గాని, విన్న పాటకు ఇంతయని కట్టలేదు గదా!

బిల్ గేట్స్, పాల్ ఆలెన్ మొదలగువారు ఆల్టెయిర్‌కు బేసిక్ భాషను వ్రాసిరి. తయారీదారులైన మిట్స్ సంస్థవారు తమ మెమరీ పలకలు కొన్నవారికి దానిని చౌకగాను, తక్కినవారికి మిక్కిలి ప్రియముగాను అమ్మజూపిరి. ఆ పలకలు సరిగా పనిచేయవని అపఖ్యాతి! ముందే సొమ్ము కట్టినవారును బేసిక్ కొరకు నెలల తరబడి ఎదురుచూచిరి. ఇంతలో చిల్లులు పొడిచిన కాగితపు టేపు ఒకటి క్లబ్బువారి చేత బడినది, ప్రతులు పుట్టినవి. ఒకటి తీసికొన్నవాడు మరికొన్ని చేసి తేవలెనని కట్టడి.

1976 ఫిబ్రవరి 3న గేట్స్ ఔత్సాహికులకు బహిరంగ లేఖ వ్రాసెను. బేసిక్‌ను కొన్నవారు నూటికి పదిమందికన్న తక్కువ యనియు, తమ శ్రమకు గంటకు 2 డాలర్లయినను గిట్టుబాటు కాలేదనియు, వాడిన యంత్రకాలము విలువ 40,000 డాలర్లు దాటెననియు అందు వ్రాసెను. ఆ యంత్రకాలము హార్వర్డ్ విశ్వవిద్యాలయముది గదా యని కొందరు ఎత్తిపొడిచిరి. ఎత్తిపొడుపు పదునైనదే, కాని అది కూలి ప్రశ్నకు సమాధానము కాదని మా యభిప్రాయము. వ్రాసినవాడును అన్నము తినవలసినవాడే.

అంతకంటె మేలైన సమాధానము టామ్ పిట్‌మన్ చేసి చూపెను. చిన్న బేసిక్‌ను స్వయముగా వ్రాసి 5 డాలర్లకే అమ్మెను. దొంగిలించు శ్రమకంటె కొనుటయే సులభమగు వెల అది.

టేపు చేతులు మారిన కొలది బేసిక్ ఔత్సాహికులకు అలవాటైనది. లేఖలో ఈ లాభము లెక్కకు రాలేదు. 1977లో మిట్స్‌ను పెర్టెక్ సంస్థ కొనెను; కొలది ఏండ్లకే ఆల్టెయిర్ కనుమరుగైనది. ఆ 1977లోనే గేట్స్ సంస్థవారి బేసిక్ కమడోర్ పెట్‌లోనికి, పిమ్మట మరి పెక్కు సంస్థల యంత్రములలోనికి ప్రవేశించినది. ఈమారు వెల చెల్లించినవారు ఔత్సాహికులు కారు, పెట్టెలు చేయువారు.