కావలి సోదరులు: మెకంజీ సర్వేలో దుబాసీలు

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ పేరు మీద నిలిచిన కైఫీయతులు (ఊరి చరిత్రలు), శాసన ప్రతులు దక్షిణ భారత చరిత్రకు పెద్ద ఆధారం. ఆ సేకరణను దగ్గరుండి నడిపింది మాత్రం ఏలూరు కావలి వారి కుటుంబానికి చెందిన అన్నదమ్ములు: వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. స్కాట్లాండు నుంచి 1783లో మద్రాసు చేరిన మెకంజీకి ఇక్కడి భాష ఒక్కటీ చివరిదాకా పట్టుబడలేదు. నిజాం రాజ్యంలో భూములు కొలుస్తూ తిరిగిన ఏళ్లలో కోటలు, గుళ్లు, రాళ్ల మీది రాతలు ఎన్నో చూశాడు గానీ చదివి చెప్పేవారు దొరకలేదు. 1796 ప్రాంతంలో ఇరవై ఏళ్ల బొర్రయ్య కొలువులో చేరాక ఆ లోటు తీరింది.

దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు. బొర్రయ్య చేసిన పని ఆ మాటకు అందదు. దొర గుడారం వేశాడంటే శిస్తు పెంచడానికేనని ఊరు భయపడే కాలమది. కరణాన్ని ఒప్పించి ఊరి వివరాలు రాసి ఉంచిన దండకవిలె విప్పించాలి, పూజారి చేత స్థలపురాణం చెప్పించాలి, గుడి ముందు రాతిని కడిగి అక్షరం వెంట అక్షరం దించుకోవాలి. ఊరి మాటలోనే చరిత్ర జాడ ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో పెద్ద బండలతో కట్టిన పురాతన సమాధులను రాకాసిగుళ్లు అంటారు. సిద్దిపేట జిల్లా నర్మెట్ట, పుల్లూరుల్లో 2017లో తవ్వి చూసినవి అలాంటి సమాధులే. ఆ మాట తెలియనివాడికి వాటి దారి చెప్పేవారుండరు.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మొదలైన మైసూరు సర్వేలో బొర్రయ్య హళగన్నడ (పాత కన్నడ) శాసనాలను చదివాడు. ఒక జైన పురోహితుడి దగ్గర సేకరించి ఆయన అనువదించిన జైనుల వృత్తాంతం ఏషియాటిక్ రిసెర్చెస్ పత్రిక తొమ్మిదో సంపుటంలో ఆయన పేరుతోనే అచ్చయింది. ఆ గౌరవం అప్పట్లో అరుదు. 1803లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే, ఆయన కన్నుమూశాడు. భారతీయ విద్యల వాకిట తనకు తొలి అడుగు బొర్రయ్య పరిచయంతోనే పడిందని 1817 నాటి ఉత్తరంలో మెకంజీ ఒప్పుకున్నాడు.

చైనాలోనూ ఇలాగే జరిగింది. 1907లో దున్‌హువాంగ్ గుహల్లోని గ్రంథాలను పురావస్తు అన్వేషకుడు ఆరెల్ స్టెయిన్ చూడగలిగాడంటే, కాపలా ఉన్న వాంగ్ యువాన్లుతో ఓపికగా మాట్లాడి ఒప్పించిన దుబాసీ జియాంగ్ షియావోవాన్ వల్లనే. స్టెయిన్‌కు చైనా లిపి చదవడం రాదు.

బొర్రయ్య తరవాత బాధ్యత లక్ష్మయ్య మీద పడింది. బ్రాహ్మణులు, జైనులు, ముస్లింలు కలిసిన సహాయకుల బృందం ఊరూరా తిరిగి వివరాలు పంపేది. 1821లో మెకంజీ చనిపోయేనాటికి 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు పోగయ్యాయి. ఆ భాండాగారాన్ని కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. పనిని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వస్తే, 1830లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు భారతీయుడికి ఆ బాధ్యత అప్పగించడానికి ఒప్పుకోలేదు. అది అన్యాయం, ఆ కాగితాలు ఆయనకంటే బాగా తెలిసినవారు అప్పటికి లేరు. రామస్వామి 1829లో కలకత్తాలో దక్షిణాది కవుల చరిత్రను ఇంగ్లీషులో అచ్చువేసి, అందులో అన్న బొర్రయ్య జీవితాన్ని కూడా చేర్చాడు.