యాదగిరిగుట్టలో దుకాణాల బోర్డులు: నియంత్రణ చరిత్ర

కొండ కింద బస్సు దిగిన యాత్రికుడికి కొబ్బరికాయల దుకాణాన్నీ, లాడ్జీనీ చూపించేది బోర్డే. ఆ బోర్డుపై ప్రభుత్వానికి అధికారం ఎందుకు ఏర్పడింది? ఇందుకు మూడు కారణాలను మీరు గుర్తించవచ్చు.

మొదటిది భద్రత. భవనాలపై ఎత్తుగా నిలిపిన ప్రకటనలు కూలి జనంపై పడే ప్రమాదం ఉన్నందున లండన్ నగరానికి 1891లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలోనూ ఇటువంటి నిబంధన ఉంది.

రెండవది ఆదాయం. ప్రకటనలపై పన్ను రాష్ట్ర జాబితాలో 55వ అంశంగా ఉండేది. 2016లో 101వ రాజ్యాంగ సవరణ దానిని తొలగించి జీఎస్టీకి దారి వేసింది.

మూడవది పట్టణ రూపం. యాదగిరిగుట్టలో 2015లో ఆలయాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2018లో గ్రామ పంచాయతీ స్థానంలో పురపాలక సంఘం వచ్చింది. 2019 నుంచి తెలంగాణ పురపాలక చట్టం అమలులో ఉంది.

ఈ మూడింటినీ మీరు కలిపి చూడకూడదు. కూలిపోయే బోర్డు ఎవరిదైనా ప్రమాదమే; కాబట్టి భద్రతా నియమం అందరికీ ఒకటే. రుసుము మాత్రం పెద్ద లాడ్జీకి, చిన్న దుకాణానికి ఒకే భారం కాదు. ఇక అందం పేరిట బోర్డు తీయిస్తే చిరు వ్యాపారికి పోయేది గిరాకీ. అందువల్ల ఏ నియమాన్ని చదివినా, అది ఏ కారణంతో వచ్చిందో ముందుగా పరిశీలించండి.