గోదావరి ఒడ్డున గిరి ఎక్కడిది?

మేడారం జాతరలో గురువారం సాయంత్రం కోయ పూజారులు చిలకలగుట్ట దిగుతారు. వాళ్ల చేతుల్లో విగ్రహం ఉండదు. సమ్మక్క వచ్చేది కుంకుమభరిణె రూపంలోనే. తల్లి రాకకు వందనంగా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేలుస్తాడు. అక్కణ్నుంచి గద్దె చేరేదాకా తోవ పొడుగునా జనం పొర్లుదండాలు, పూనకాలు. సర్కారు ప్రకటనల్లో ఇది ఆసియాలోనే అతిపెద్ద ‘గిరిజన జాతర’. కోయ సంఘాలను అడగండి, ‘ఆదివాసీ జాతర’ అని దిద్దుతారు. ఆ దిద్దుబాటు వెనుక పెద్ద కథే ఉంది.

గిరిజనుడంటే కొండ మీది మనిషి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఏటూరునాగారం, మంగపేట వైపు వెళ్లి చూస్తే కోయగూడేలు చాలావరకు చదును నేల మీదే, వాగుల పక్కన, వరి మళ్ల మధ్య కనిపిస్తాయి. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి ‘గిరి’ని అంటగట్టింది దూరాన కూర్చున్నవాళ్లు. వాళ్లు తమను తాము ‘కోయతూర్’ అనుకుంటారు. మనుషులు అని దానికి అర్థం చెబుతారు.

బయటివాళ్లు పేర్లు పెట్టడం ఇవాళ మొదలైంది కాదు. పాత సంస్కృత గ్రంథాల్లో అడవి జనానికి ఆటవికులన్న పేరు కనిపిస్తుంది. అశోకుడి 13వ శిలాశాసనంలోనే అడవి జనానికి హెచ్చరిక ఉంది. కప్పం కట్టనన్న మేడారం మీదికి ఓరుగల్లు సేన వచ్చిందనీ, సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచిన సమ్మక్క కొడుకు జంపన్న పేరే ఆ వాగుకు మిగిలిందనీ కోయలు చెప్పుకుంటారు. అంటే తమ వాగుకు తమవాడి పేరు వాళ్లే పెట్టుకున్నారు.

‘ఆదివాసీ’ మాత్రం పాత మాటేమీ కాదు. 1930లలో ఛోటానాగపూర్ ఉద్యమాల్లో అది జెండా అయింది. 1938లో ఏర్పడ్డ ఆదివాసీ మహాసభకు సారథ్యం వహించిన జైపాల్ సింగ్ ముండా, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్. రాజ్యాంగ సభలో ఆ మాట కోసం ఆయన గట్టిగా నిలబడ్డారు. దానికి చట్టపరమైన కచ్చితమైన అర్థం లేదన్నది అంబేడ్కర్ జవాబు. జాబితా ఉంటేనే హక్కు ఎవరిదో తేలుతుంది కాబట్టి ‘షెడ్యూల్డు తెగలు’ నిలిచింది. చట్టానికి ఆ మాట అవసరమే, కాదనను. కానీ జాబితాలో క్రమసంఖ్య మనిషికి పేరు కాలేదు.

మన దగ్గర ‘ఆదివాసీ’ మాటకు ఇంకో పదును వచ్చింది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు కూడా షెడ్యూల్డు తెగల్లో చేరారు. అప్పటినుంచి ‘గిరిజన’ అంటే తండా, గూడెం రెండూ. రిజర్వేషన్లలో తమ వాటా తగ్గిందన్న కోయలు, గోండులు ‘ఆదివాసీ’ని తమకే ప్రత్యేకంగా ఉంచుకున్నారు. తండాల్లోనూ పేదరికం తక్కువేం లేదు కాబట్టి ఈ తగవును నేను ఒక మాటతో తేల్చలేను. అయినా ‘మేమెవరమో మేమే చెప్పుకుంటాం’ అనే పట్టు న్యాయమైనదే.

ములుగు, భూపాలపల్లి అడవుల్లో మరో మాట వినిపిస్తుంది, వింటే మనసు కలుక్కుమంటుంది: ‘వలస ఆదివాసులు’. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం (మావోయిస్టు వ్యతిరేక సాయుధ దళాలు) హింసకు తట్టుకోలేక దాటొచ్చిన గొత్తికోయలు వీళ్లు. రాష్ట్ర సరిహద్దు గీయకముందు నుంచీ అటువైపు అడవుల్లో ఉన్నవాళ్లకు ఇక్కడ ‘వలస’ ముద్ర పడింది. కుల ధ్రువపత్రం దగ్గరే వాళ్ల బడిపిల్లల దారి ఆగుతోంది.

2007లో మూలవాసుల హక్కుల ప్రకటనకు ఐక్యరాజ్యసమితిలో మన దేశమూ ఓటు వేసింది. ఇక్కడ మాత్రం భారతీయులంతా మూలవాసులేనన్నది ప్రభుత్వ వాదన. 2023లో పార్లమెంటు ఆమోదించిన ములుగు విశ్వవిద్యాలయానికి సమ్మక్క సారక్కల పేరు పెట్టారు. సంతోషమే. ఆ పక్కన ఉన్నది మళ్లీ ‘గిరిజన’.

పాఠకులకు నా మనవి చిన్నది. నెమలీకలు పెట్టుకుని వేర్లమ్మే వేషగాణ్ని సినిమాలో చూసి ‘కోయదొర’ అని నవ్వడం, మొరటుగా ఉన్నవాణ్ని ‘కోయోడు’ అని తిట్టడం మానేద్దాం. ఈసారి మేడారంలో నిలువెత్తు బంగారం (బెల్లం) ఇచ్చి తిరిగొచ్చేటప్పుడు, గద్దెల దగ్గరున్న పెద్దమనిషిని ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అని అడగండి. ఆయన చెప్పిన పేరుతోనే పిలవండి.