నొప్పికి మందు, శ్రమకు మత్తు

బాధను తగ్గించే మందు చరిత్ర ఒకటి. బాధ తెలియకుండా మనిషిని నిద్రపుచ్చే మందు చరిత్ర మరొకటి. మన కథల్లో ఈ రెండూ తరచుగా కలిసిపోతున్నాయి. కల్లు దుకాణాన్ని చిత్రించే రచయితకు ఈ తేడా తెలియాలని నా వాదన.

మొదటి చరిత్రలో హైదరాబాదుకు ముఖ్యమైన స్థానముంది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో, 1889లో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. ఖర్చుకు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముందుకొచ్చాడు. రెండోదానికి లండన్ లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ను పంపింది. వందల జంతువులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫాం ముందు ఆపేది శ్వాసనేగాని గుండెను కాదని తేల్చారు. తేలిక మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించడంతో ఆ తీర్పు నిలవలేదు. అయినా మత్తు ఎంత, ఎలా అన్న ప్రశ్న అక్కడ బహిరంగంగా చర్చకు వచ్చింది.

క్లోరోఫాంకు దాయాది క్లోరల్ హైడ్రేట్. దీన్ని 1869లో బెర్లిన్‌లో లీబ్రైక్ నిద్రమందుగా ప్రవేశపెట్టాడు. ఒంట్లో అది క్లోరోఫాంగా మారుతుందని ఆయన ఊహ. నిజానికి మారేది ట్రైక్లోరోఇథనాల్‌గా. అది మెదడులో గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి నాడీకణాలను శాంతపరుస్తుంది. నిద్ర వస్తుంది, నొప్పి మాత్రం పోదు. మార్ఫిన్ లాగా నొప్పి దారికి అడ్డుపడే శక్తి దీనికి లేదు. తీవ్రమైన నొప్పిలో ఇదొక్కటే ఇస్తే నిద్రకు బదులు కలవరం పుట్టవచ్చు కూడా.

ఈ మందే డైజోపాం, అల్ప్రాజోలంలతో పాటు తెలంగాణ కల్తీ కల్లులోకి చేరింది. చెట్టు ఇచ్చేదానికంటే దుకాణం అమ్మేది ఎక్కువైన చోట ఆ లోటును మందు పూడుస్తుంది. తాండూరు నాపరాతి గనుల వైపు కూలీల నోట నేను విన్నమాట ఇది: "తాగకుంటె పెయ్యంత నొస్తది, నిద్ర పట్టది." ఇందులో రెండు నొప్పులున్నాయి. ఒకటి రాయి కొట్టిన నొప్పి. రెండోది మందుకు అలవాటుపడిన మెదడు, అది అందనప్పుడు పెట్టే బాధ: వణుకు, నిద్రలేమి, మూర్ఛలు, లేనివి కనిపించడం. మొదటి నొప్పికి తాగినవాడు రెండోదాని కోసం తాగక తప్పదు.

2015లో ప్రభుత్వం కల్తీని అరికట్టబూనినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లు అందనివాళ్ళు పిచ్చిచూపులతో ఆసుపత్రులకు చేరారు. 2021 జనవరిలో వికారాబాద్ జిల్లాలో కల్లు తాగి వందమందికి పైగా అస్వస్థులయ్యారు. మొదటిది మందు అందక, రెండోది కల్లు తాగి. రెండుచోట్లా నష్టపోయింది ఒకే వర్గం.

మన కథల్లో తాగుబోతు భార్యను కొట్టే దుర్మార్గుడు, లేదా పండుగనాటి సరదా మనిషి. మొదటి చిత్రం నీతి చెబుతుంది, రెండోది ముచ్చట చెబుతుంది. అతని కుండలో ఏం కలిసింది, కలిపి లాభపడ్డది ఎవరు, అతని నడుము ఎందుకు నొస్తున్నది అని రెండూ అడగవు. నిజాం కాలపు డాక్టర్లు కుక్కకిచ్చే మోతాదును కూడా లెక్క రాశారు. కూలీ మనిషి తాగే మోతాదుకు లెక్క లేదు. ఆ లెక్క అడగడం అభ్యుదయ రచయిత బాధ్యత. నొప్పిని వర్ణిస్తే చాలదు. దాన్ని నిద్రపుచ్చి లాభం తీస్తున్న చేతిని చూపాలి.