నూలు కౌంటు నుంచి రొయ్యల కౌంటు దాకా

తళవాయిపురం పేరు చెబితే తమిళనాడులోని రాజపాళయం చుట్టుపక్కల ఎవరైనా ముందు నైటీల గురించే చెబుతారు. ఆ ఊళ్ళోనూ, పక్కనున్న చెట్టియార్‌పట్టి, ముహవూరుల్లోనూ ఇంటింటా కుట్టు మిషన్ల చప్పుడే. నైటీలకూ జాకెట్లకూ పనికొచ్చే కేంబ్రిక్ గుడ్డ బేరం మాట్లాడేటప్పుడు వ్యాపారులు రంగు, పువ్వు కంటే ముందు నాలుగు అంకెలు చెప్పుకుంటారు: 60×60, 92×88. మొదటి జంట నూలు కౌంటు, ఒకటి పడుగుది, ఒకటి పేకది. రెండో జంట అంగుళం మేరలో ఎన్ని పడుగు పోగులు, ఎన్ని పేక పోగులు ఉన్నాయన్న లెక్క. ఇంగ్లీషువాళ్ళు ఈ రెండో దాన్ని కూడా కౌంట్ అనే అంటారు. ఒకే చీటీ మీద ఒకే మాటకు రెండు అర్థాలన్నమాట. మొదటిది పోగు సన్నదనం చెబుతుంది, రెండోది నేత చిక్కదనం.

కౌంట్ అంటే లెక్కపెట్టడం, అంతే కదా అనిపిస్తుంది. లాటిన్ ‘కొంపుటారె’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. (డ్రాకులా ముందున్న కౌంట్ వేరే లాటిన్ మాట నుంచి వచ్చిన బిరుదు, దానికీ దీనికీ చుట్టరికం లేదు.) అయితే ఒక్కో వృత్తిలోకి వెళ్ళాక ఈ మాట ఎన్ని అన్నది చెప్పి, దేనికెన్ని అన్నది మింగేసింది. ఆ వృత్తిలో పుట్టి పెరిగినవాడికి అది చెప్పక్కర్లేదు. బయటివాడు మాత్రం అక్కడే బోల్తాపడతాడు.

ఇంగ్లీషు కౌంటు రాకముందు మన సాలెలకు లెక్క లేదనుకుంటే పొరపాటు. ఉత్తర సర్కారుల్లో బట్ట నాణ్యాన్ని పుంజాల్లో చెప్పేవారు. పడుగులో 120 పోగులు ఒక పుంజం. పన్నా ఇంచుమించు ఒకటే కాబట్టి పుంజాలు పెరిగినకొద్దీ బట్ట సన్ననై, చిక్కనై, ధర పెరిగేది. 40 అంగుళాల పన్నాలో 20 పుంజాలంటే 2400 పోగులు, అంగుళానికి 60. విశాఖపట్నం, ఇంజరం, నర్సాపురం పక్కనున్న మాధవాయపాలెంలలో బట్టలు కొన్న ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలు తమ ఖాతాల్లో ‘పంజమ్’ అని రాసుకున్నది ఈ మాటనే. మాధవాయపాలెం పేరు మడపొల్లంగా మారి యూరప్ బజార్లలో ఒక గుడ్డ పేరై నిలిచింది. పుంజం మాత్రం ఓడ దిగాక నిలవలేదు.

పుంజం లెక్కలో ఒక పెద్దమనిషి తరహా ఉంది. అది నేసిన బట్టను చూసి చెప్పే లెక్క. పోగు ఎంత సన్నదన్నది వడికినవాళ్ళ వేళ్ళకూ నేసినవాళ్ళ కళ్ళకూ వదిలేసింది. మరమగ్గం, మరరాట్నం వచ్చాక అది చాలలేదు. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ మ్యూల్ యంత్రం వచ్చాక లాంకషైర్‌లో సన్ననూలు టోకున తయారైంది. నూలు ఒకడు వడికి, ఇంకొకడు కొని, మరొకడు నేసే వ్యాపారంలో పోగుకే ఒక అంకె కావలసి వచ్చింది. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అది అన్నో కౌంటు. 40 చిలపలు తూగితే 40వ నంబరు. అంటే ఒక పౌనులో 33,600 గజాలు, సుమారు 31 కిలోమీటర్ల నూలు. అంకె పెరిగితే నూలు సన్నబడుతుంది.

1813 చార్టర్ తర్వాత లాంకషైర్ సరుకుకు మన మార్కెట్ తెరుచుకుంది. బట్ట వెంట నూలూ వచ్చింది, నూలు కట్ట మీద ఈ నంబరూ వచ్చింది. సాలె ఇంట్లో పుంజం పోయి నంబరు కూర్చుంది. ఇవాళ్టికీ మన నేతగాళ్ళు ‘నూరో నంబరు నూలు’ అంటారు. కౌంటు అనే మాట కంటే నంబరే వాళ్ళ నోట తరచు పలుకుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికిన సన్ననూలును కూడా నూరు కౌంటు అనే మెచ్చుకుంటాం. మాంచెస్టర్‌ను వెళ్ళగొట్టడానికి పుట్టిన ఖద్దరుకు కొలబద్ద మాంచెస్టరుదే కావడం చరిత్ర చేసిన చిలిపి పని.

రాజపాళయానికి ఆ నంబరు మిల్లు రూపంలో వచ్చింది. విజయనగర కాలంనాటి వలసల్లో దక్షిణాదికి చేరి, నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకునే రాజుల ఊరది. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఆ తర్వాత ఊరి చుట్టూ నూలు మిల్లులు వరసగా లేచాయి. వాటి పరీక్ష గదిలో కౌంటు ఎలా తేలుస్తారో చూస్తే ఈ మాట గుట్టు బయటపడుతుంది. చుట్టుకొలత గజంన్నర ఉన్న చట్రం మీద నూలును 80 చుట్లు చుడతారు. అది 120 గజాలు, దాన్ని ‘లీ’ అంటారు. అలాంటివి ఏడు కలిస్తే ఒక చిలప. (పుంజంలోనూ 120, లీలోనూ 120. కాకతాళీయమే, కానీ మన సాలె చూస్తే ముచ్చటపడేవాడు.) ఆ లీని సున్నితమైన త్రాసు మీద పెడతారు. 64.8ని దాని గ్రాముల బరువుతో భాగిస్తే వచ్చేదే కౌంటు. 1.62 గ్రాములు తూగితే 40వ నంబరు, 1.08 తూగితే 60వ నంబరు. లెక్కపెట్టడం అన్న పేరే గానీ ఇక్కడ జరిగేదంతా తూచడమే.

తూచడం కాబట్టి తేమ కూడా లెక్కలో దూరుతుంది. తమిళ నెలలైన ఐప్పసి, కార్తీకల్లో పడే వానల్లో పత్తి తేమ పీలుస్తుంది. అదే పోగు బరువెక్కి కౌంటు తగ్గినట్టు చూపిస్తుంది. అందుకే పరీక్ష గదిలో గాలి తేమను 65 శాతం దగ్గర నిలబెడతారు.

ఇక్కడి నుంచి దారులు చీలిపోతాయి. పట్టుకూ పాలియెస్టర్‌కూ కౌంటు కాదు, డెనియర్. 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఇక్కడ అంకె పెరిగితే పోగు లావవుతుంది, పూర్తిగా తలకిందుల లెక్క. ఈ గందరగోళం పోవడానికి టెక్స్ అని మెట్రిక్ కొలత తెచ్చారు, 1000 మీటర్లకు ఎన్ని గ్రాములన్నది. 590.5ని కౌంటుతో భాగిస్తే టెక్స్ వస్తుంది. పుస్తకాల్లో చక్కగా ఉంటుంది. బేరంలో మాత్రం అది పెద్దగా వినపడదు. మన దేశం 1956లో మెట్రిక్ చట్టం చేసి పౌనును సాగనంపింది. మిల్లు కౌంటులో మాత్రం పౌను ఇంకా కాపురముంటోంది. చట్టం కూడా ఆ కౌంటును వదల్లేకపోయింది. మిల్లులు తమ నూలులో కొంత భాగాన్ని చేనేత కోసం చిలపలుగా ఇవ్వాలన్న నిబంధన ఉంది, 2003లో 50 శాతం నుంచి 40కీ, 2019లో 30కీ తగ్గించారు. ఆ చిలపనూలులో 80 శాతానికి తక్కువ కాకుండా 80 కౌంటు, అంతకంటే ముతక నూలు ఉండాలని అందులో రాసి ఉంది.

తళవాయిపురం గుడ్డలో పోగుల లెక్క అంగుళానికి. రాజపాళయం దగ్గరే ఉన్న చత్రపట్టి ఆస్పత్రి గాజు గుడ్డకూ బ్యాండేజికీ పేరు. అక్కడ మందుల చట్టం నియమాల ప్రకారం పోగులను డెసీమీటరుకు, అంటే పది సెంటీమీటర్లకు లెక్కపెట్టాలి. నూలు కౌంటు పౌనుకు, నైటీ గుడ్డ అంగుళానికి, గాజు గుడ్డ డెసీమీటరుకు: ఒక్క తాలూకాలో మూడు కొలతలు.

ఆ గాజు గుడ్డ చేరే ఆస్పత్రిలో కౌంటు అంటే నెత్తురు. 1852లో కార్ల్ ఫియరోర్ట్ రక్తకణాలను సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టే పద్ధతి ప్రకటించాడు. 1877లో విలియం గవర్స్ గీతలు గీసిన గాజుపలకతో ఆ పనిని సులువు చేశాడు. 1953లో వాలెస్ కౌల్టర్‌కు పేటెంటు దక్కిన యంత్రం కణాలను సన్నని రంధ్రంలోంచి ఒక్కొక్కటిగా దాటించి, విద్యుత్తు మారినప్పుడల్లా ఒక అంకె పెంచింది. ఇది నిజంగా లెక్కపెట్టడమే. ఇక్కడ హారం మైక్రోలీటరు: ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలుండాలి. డెంగీ రోజుల్లో ‘కౌంట్ పడిపోయింది’ అన్న మాట వినని తెలుగిల్లు లేదు.

కోస్తాలో ఇదే మాట వేరే కథ. పలాసలో జీడిపప్పును డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని అమ్ముతారు. ఒక పౌనుకు తూగే గుళ్ళ సంఖ్యను బట్టి ఆ పేర్లు. అంకె చిన్నదైతే గుండు పెద్దది, ధర ఎక్కువ. భీమవరం, నెల్లూరు చెరువుల దగ్గర కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలన్నది. 100 కౌంటు చిన్నవి, 30 కౌంటు పెద్దవి. రైతు 40 కౌంటుకు పట్టించాడంటే రొయ్య 25 గ్రాములు. తల తీస్తే సుమారు మూడో వంతు బరువు పోతుంది, మిగిలింది 16, 17 గ్రాములు. అమెరికా పెట్టె మీద కిలో ఉండదు, పౌనుంటుంది, కాబట్టి అదే రొయ్య 26/30 అని ముద్ర వేయించుకుంటుంది. రైతు 40 అన్నాడు, పెట్టె 26/30 అంటోంది, ఎవరూ అబద్ధమాడలేదు.

అందుకే ‘కౌంట్ తగ్గింది’ అన్న ఒక్క వాక్యం ఎక్కడ విన్నామన్నదాన్ని బట్టి ముఖం మారుతుంది. మిల్లులో విన్నామంటే నూలు లావైంది, మాస్టారు మిషన్ సర్దాలి. ఆస్పత్రిలో అయితే బంధువులు రక్తదాతల కోసం ఫోన్లు చేస్తారు. చెరువు గట్టు మీదైతే రొయ్య పెరిగింది, పట్టుబడికి వల సిద్ధం చేసుకోవచ్చు.

హారం చెప్పకుండా అంకె మాత్రం చెప్పడంలోని సౌకర్యాన్ని వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. దుప్పట్ల పెట్టెల మీద 800, 1000 థ్రెడ్ కౌంట్ అని అచ్చవుతున్నది చూస్తుంటాం. ఒక్క అంగుళంలో అన్ని పోగులు పట్టడం మామూలు విషయం కాదు. రెండు, నాలుగు పురులు కలిపి పేనిన ఒక పోగును రెండుగానో నాలుగుగానో లెక్కేస్తే ఆ అంకె వచ్చేస్తుంది. అలా లెక్కేసి చెప్పడం కొనేవాళ్ళను తప్పుదారి పట్టించవచ్చని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2005లోనే అభిప్రాయం చెప్పారు. 20 పుంజాలంటే 2400 పోగులే, సాలె దగ్గర ఇలాంటి అడ్డతూకం సాగేది కాదు.

పారిభాషిక పదకోశాలు తయారుచేసే పెద్దలకు ఒక మనవి. కౌంట్ ఎదురుగా ‘గణన’ అని ఒక్క మాట పెట్టి ముందుకు సాగిపోకండి. నూలుకైతే పౌనుకు చిలపలు, గుడ్డకైతే అంగుళానికి పోగులు, రక్తానికైతే మైక్రోలీటరుకు కణాలు, రొయ్యకైతే కిలోకు రొయ్యలు అని రాయండి. పుంజానికి కూడా ఒక పంక్తి ఇవ్వండి.