గొలుసు పట్టిన బాలుర నుండి ఇంజనీరు పట్టా వరకు

మన గ్రంథాలయమునకు వచ్చు పిల్లలు నన్ను తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు: "పంతులుగారూ, ఇంజనీరు కావలెనన్న ఏమి చదువవలెను?" నేను లెక్కలు వ్రాసి బ్రతికినవాడను, ఆ విద్య నాకు అబ్బలేదు. కాని ఆ త్రోవ ఎట్లు పడినదో కొంత చెప్పగలను.

1794లో ఈస్టిండియా కంపెనీవారు మద్రాసున ఒక సర్వే పాఠశాల పెట్టిరి. మైకేల్ టాపింగ్ అను ఖగోళజ్ఞుడు దానికి మూలపురుషుడు. మొదట చేరినవారు అనాథశరణాలయము నుండి తెచ్చిన కొలదిమంది బాలురు. వారికి గొలుసు పట్టి భూమి కొలుచుట, పటము గీయుట నేర్పిరి. కంపెనీవారు కోరినది పాండిత్యము గాదు, తక్కువ జీతమునకు దొరకు కొలతగాండ్రను. మన గోదావరీ కృష్ణల నీటిని పొలములకు మరల్చవచ్చునని ముందే పరిశీలించినవాడును ఈ టాపింగే. పాపము, 1796లో మచిలీపట్టణమున జ్వరముతో కన్నుమూసెను.

ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. దానిని నడిపిన ఆర్థరు కాటన్ దొర విశ్వవిద్యాలయ పట్టభద్రుడు కాడు. అడిస్కోంబ్‌లోని కంపెనీ సైనిక విద్యాలయమున చదివి వచ్చినవాడు. ఇక రాళ్లెత్తిన వడ్డెరలకు, తాపీపనివారికి, కమ్మరులకు పనియే బడి. వారి పేర్లు ఏ పట్టాలోను లేవు.

సర్వే పాఠశాల 1859లో ఇంజనీరింగు కళాశాలయై, 1920లో గిండీకి చేరెను. కోస్తా పిల్లవాడు పట్టా కోరిన మద్రాసు రైలెక్కవలసినదే. నైజాములో 1929లో ఉస్మానియావారి కళాశాల వెలసెను. 1946లో విశాఖపట్టణమున ఆరంభమైన కళాశాల పిమ్మట కాకినాడకు మారెను.

కళాశాల మెట్టు ఎక్కలేనివారికి ఇంజనీర్ల సంస్థవారి ఏ.ఎమ్.ఐ.ఇ. పరీక్ష మరొక త్రోవగా నుండెను. పగలు కొలువు, రాత్రి చదువు. నేనును ఒకప్పుడు ఆశపడి పుస్తకము కొంటిని. త్రికోణమితి యొద్దనే నా బండి నిలిచెను. ఆ పుస్తకమిప్పుడు మన బీరువాలో నున్నది. 2013 మే 31 తరువాత చేరినవారికి ఆ పరీక్షను పట్టాతో సమానముగా ఎంచుట ప్రభుత్వమువారు మానిరి. పేదవానికిది నష్టమేయని నా యభిప్రాయము.

ఒకరి కథ చెప్పక ముగింపజాలను. తెలుగింటి ఆడపడుచు ఏ. లలితగారు పదునెనిమిదేండ్లకే భర్తను కోల్పోయి, చంటిబిడ్డతో మిగిలిరి. తండ్రి గిండీలోనే ఆచార్యులు. 1940లో ప్రత్యేకానుమతితో అచట చేరి, 1943లో విద్యుచ్ఛాస్త్రమున పట్టా పొందిరి. అట్టి పట్టాపత్రములపై అంతవరకు పురుషవాచకమే అచ్చగుచుండెనట. ఆ మాటను కలముతో కొట్టివేసి, ప్రక్కన స్త్రీవాచకము వ్రాసి ఇచ్చిరని చెప్పుదురు.